ధరలో పన్ను ఉన్నట్టా, లేనట్టా?

హోసూరులో ఒక కుటుంబం ఇంట్లో పెళ్లికని ఇనుప బీరువా చేయించిందనుకోండి. "పదివేలవుతుందండీ" అన్నాడు దుకాణదారు. రెండువేలు బయానా ఇచ్చారు. బీరువా తయారైన రోజున బిల్లు చూస్తే 11,800 రూపాయలు! "పన్ను వేరు కదండీ" అంటాడు దుకాణదారు. "అప్పుడు పన్ను మాటే ఎత్తలేదే" అంటాడు ఇంటి పెద్ద. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

దుకాణదారు దృష్టిలో పదివేలంటే ఇనుము, కూలి, లాభం కలిపిన మొత్తం. పన్ను ప్రభుత్వానిది, తాను వసూలు చేసి కట్టేవాడు మాత్రమే. కొనేవారి దృష్టిలో పదివేలంటే చేతినుంచి ఇవ్వవలసిన సొమ్ము.

సరే, పదివేలలోనే పన్ను కలిసి ఉందనుకుందాం. నూటికి 18 చొప్పున ఆ పన్ను ఎంత? చాలామంది తడుముకోకుండా 1,800 అంటారు. అది సరికాదు. పన్ను కలిసిన ధరను 118 భాగాలు చేస్తే అందులో 18 భాగాలు పన్ను. ఆ లెక్కన పన్ను సుమారు 1,525 రూపాయలు. దుకాణదారుకు మిగిలేది 8,475. చిన్న దుకాణంలో లాభమంతా ఆ తేడాలోనే పోవచ్చు. పెళ్లి ఖర్చుల్లో ఉన్న ఇంటికి 1,800 రూపాయలూ తక్కువేమీ కాదు. చాలాచోట్ల చెరిసగం భరించి ఊరుకుంటారు. తగాదా తీరుతుంది గాని లెక్క తేలదు.

ఇది పాత తగాదాయే. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చేదాకా అమ్మకాలపై పన్ను రాష్ట్రానికొక తీరుగా ఉండేది. ఒకప్పుడు పొట్లాల మీద కూడా ధర పక్కన "స్థానిక పన్నులు అదనం" అని ముద్రించేవారు. ఇప్పుడు సబ్బు మీద, బిస్కట్ల పొట్లం మీద కనిపించే గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. అంతకుమించి అడిగితే ఇవ్వనక్కరలేదు.

చెప్పి చేయించుకునే వస్తువు మీద అలాంటి ముద్ర ఉండదు. అక్కడ మాటే ఆధారం. "పన్నుతో కలిపి మొత్తం ఎంతండీ?" అని బయానాకు ముందే అడిగి, చీటీ మీద రాయించుకోవడం మేలు.

పన్ను అడిగే ప్రతివారికీ ఆ హక్కు ఉండదు. నమోదు కాని వ్యాపారి పన్ను పేరుతో ఏమీ వసూలు చేయరాదు. కాంపోజిషన్ పద్ధతిని ఎంచుకున్న చిన్న వ్యాపారి పన్నును తానే భరించాలి. ఆ సంగతి అతని బిల్లు మీదే రాసి ఉండాలి. పన్ను వసూలు చేసేవారి బిల్లుపై 15 అంకెలూ అక్షరాలూ గల నమోదు సంఖ్య ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: తమిళనాడుకు 33, కర్ణాటకకు 29, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, యానాం ఉన్న పుదుచ్చేరికి 34. ఆ సంఖ్య లేని చీటీ మీద "పన్ను 1,800" అని ఉంటే, ఆ సొమ్ము ఎవరికి చేరుతుందో అడగవలసిందే. జవాబు సరిగా రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చేయవచ్చు.