బడి పైకప్పుకి ఓ బక్కెట్టు సున్నం

మార్చి మొదటివారం. ఒంటిపూట బడులు ఇంకా మొదలుకాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎనిమిదో తరగతి పిల్లలకు వాతావరణ మార్పు గురించి చెబుతున్నాను. బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల బొగ్గుపులుసు వాయువు పెరిగిపోయి, భూమికి దుప్పటి కప్పినట్టు అవుతోందని వివరిస్తున్నాను. వెనక బెంచీలోంచి ఓ పిల్ల లేచింది.

"టీచర్, భూమి సంగతి సరే. మన గదికి దుప్పటి ఎవరు కప్పారు?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఇంటికెళ్ళాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? ఫ్యాను వేస్తే వేడిగాలే తగులుతోంది. నుదుటి మీద చెమట జారి నోటుపుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఆ గదిలో కూర్చుని భూమి వేడెక్కుతోందని నేను పాఠం చెబుతున్నాను!

మాది పల్నాడు. వేసవి వస్తే చాలు, వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్ళుండరు. "మీకు ఎండలు అలవాటేగా" అంటారు చుట్టాలు. అలవాటైతే మాత్రం ప్రాణం ప్రాణం కాదా? 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళే.

మా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో చవుడు మిద్దెలూ, పెంకుటిళ్ళూ ఉండేవి. మిద్దె మీద మందంగా పరిచిన మట్టి ఎండను లోపలికి రానిచ్చేది కాదు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. ఇప్పుడన్నీ స్లాబులే. స్లాబు గట్టిదే, వానకు కారదు, కాదనను. కానీ అది పగలంతా ఎండను మింగి, చీకటిపడ్డాక కూడా కిందికి కక్కుతూనే ఉంటుంది.

ఆ వారంలోనే ఇంకో సంగతి నా కంటబడింది. పిల్లలు మర్చిపోకుండా నీళ్ళు తాగాలని గంట కొట్టే పద్ధతి 2019లో కేరళ బళ్ళలో మొదలైంది. తర్వాత మన రాష్ట్రానికీ వచ్చింది. మా బడిలోనూ కొడుతున్నాం. ఓ సాయంత్రం పిల్లల సీసాలు చూద్దును కదా, మగపిల్లలవి ఖాళీ. ఆడపిల్లల్లో చాలామందివి నిండుగా ఉన్నాయి! ఒకమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. తలొంచుకుని, "తాగితే వెళ్ళాలి కదా టీచర్. అక్కడ నీళ్ళు రావట్లేదు" అంది.

నాకు సిగ్గేసింది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టిన 'నాడు-నేడు' పనుల జాబితాలో మరుగుదొడ్లూ, వాటికి నీటి వసతీ ముందు వరసలోనే ఉన్నాయి. అయితే కట్టడం ఒక ఎత్తు, కుళాయిలో రోజూ నీళ్ళు రావడం ఒక ఎత్తు. మా దగ్గర మోటారు పాడై నెల దాటినా ఎవరం పట్టించుకోలేదు. ఎండలో నీళ్ళు తాగకపోతే తలనొప్పి, కళ్ళు తిరగడం, మూత్రంలో మంట. ఇక నెలసరి రోజుల్లో అయితే పిల్లలు బడికే రావడం మానేస్తున్నారు. గంట కొట్టి మన పని అయిపోయిందనుకుంటే ఎలా?

అమ్మల మీటింగు పెట్టాం. అదీ చీకటిపడ్డాకే. మిరప కోతల రోజులు కదా, తెల్లారకుండా వెళ్ళినవాళ్ళు పొద్దువాలితేగాని ఇల్లు చేరరు. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, చేలోంచి అట్నుంచటే వచ్చారు. గది వేడి సంగతి చెబితే ఒకావిడ అందుకుంది. "టీచరమ్మా, కల్లంలో పోసిన కాయల్నైనా మేం తిరగేస్తుంటాం. పిల్లల్ని ఆ స్లాబు కింద పడేసి ఒకేపక్క ఎండబెడుతున్నారుగా!"

ఆ మాటతో పని మొదలైంది. మోటారు బాగుచేయించడానికి పంచాయతీ దగ్గరకు నలుగురు అమ్మలు బయల్దేరారు. స్లాబుకు సున్నం వేద్దామని ఒక మేస్త్రీ భార్య అంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు పక్కనే పెట్టుకుని మనం ఆలోచించాలా?

తెల్లని కప్పు ఎండలో ఎక్కువభాగాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. ఇది కొత్త కిటుకేం కాదు. అహ్మదాబాదులో 2010 ఎండలకు ఎంతోమంది చనిపోయాక, 2013లో వడగాడ్పుల ప్రణాళిక వేసుకున్నారు. తర్వాత పేదల ఇళ్ళ కప్పులకు తెల్లరంగు వేయించారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. ఇలా చేస్తే గదిలో వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చని నిపుణుల అంచనా.

మా పిల్లలు ఊరికే నమ్మలేదు. ఒకేలాంటి రెండు డబ్బాలు తెచ్చారు. ఒకదానికి మసి, ఒకదానికి సున్నం పూశారు. రెంటిలో సమానంగా నీళ్ళు పోసి ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి మసి డబ్బాలో నీళ్ళు చెయ్యి చురుక్కుమనిపించాయి. ఆ రోజు నేను పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. 2003లో మళ్ళీ గుర్తుచేసింది. పుస్తకాల్లో పాఠాలొచ్చాయి. అవి గోడలకూ, కుళాయిలకూ, పైకప్పులకూ కూడా ఎక్కాలి. సున్నం వేసినంత మాత్రాన భూగోళం చల్లబడదు, నిజమే. అందుకు బొగ్గు పొగ, పెట్రోలు పొగ తగ్గాల్సిందే. కానీ మన పిల్ల కూర్చునే గది కాస్త చల్లబడుతుంది. అక్కడ చదివిన పిల్ల రేపు పెద్ద ప్రశ్నలు కూడా అడుగుతుంది.

మీరూ చేయించవచ్చు

* ముందు కప్పు శుభ్రంగా ఊడ్పించి, పగుళ్ళుంటే పూడ్పించండి.
* సున్నం ముందురోజే నానబెట్టి, గుడ్డలో వడగట్టి, పట్టు కోసం కాస్త జిగురు కలపండి. ఎండ తగ్గాక రెండు పూతలు వేయించండి.
* సున్నం ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. కంట్లో పడితే ప్రమాదం.
* వానలకు పూత పోతుంది. ఏటా వేసవికి ముందు మళ్ళీ వేయించాలి.
* పడమటి వైపు వేప, కానుగ మొక్కలు నాటండి.

మా స్లాబు ఇప్పుడు తెల్లగా ఉంది. గది చలివేంద్రం అయిపోలేదుగానీ, ఫ్యాను గాలి ఇదివరకంత వేడిగా లేదు. మోటారు కూడా తిరుగుతోంది. నేను మాత్రం రోజూ చూసేది సీసాల్నే. ఆడపిల్లల సీసాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి.

మీ అమ్మాయి ఇవాళ బడినుంచి రాగానే మార్కుల కంటే ముందు ఆ సీసా ఒకసారి చూడండి. నిండుగా ఉంటే కోప్పడకండి. ఎందుకు తాగలేదో మెల్లగా అడగండి.