కొలతల కంప్యూటర్: కొనాలా, కట్టుకోవాలా?

వరంగల్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 2002లో అది నిట్ అయింది. ఎలక్ట్రానిక్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పీజీ చదువు ఉన్న ఊరిది. ఇక్కడి ప్రయోగశాలలు పరికరాలను నడిపించి కొలతలు నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థల్లో కొన్నింటినైనా సొంతంగా కట్టుకోవాలి. డబ్బు ఆదా కోసమని అంటారు గానీ, నా దృష్టిలో అది రెండో కారణం. అసలు కారణం తెర మీది అంకె ఎలా పుట్టిందో తెలియడం. ఉదాహరణకు, ఉష్ణోగ్రత కొలిచే కె రకం థర్మోకపుల్ ఒక డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. ఆర్డ్యునో ఉనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. ఈ రెంటినీ నేరుగా కలిపితే దాదాపు 119 డిగ్రీలు మారితే గానీ అంకె ఒక మెట్టు కదలదు. అందుకే మధ్యలో యాంప్లిఫయర్ కావాలి. అప్పుడు కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద కూడా పెద్దదవుతుంది. సెకనుకు సరిగ్గా 50 సార్లు కొలిస్తే ప్రతిసారీ ఆ అలలో ఒకే చోట దొరికి, రొద కదలని తప్పుగా కూర్చుంటుంది. గ్రాఫ్ మాత్రం ఎంతో నునుపుగా కనిపిస్తుంది! 20 మిల్లీసెకన్ల పాటు, అంటే ఒక పూర్తి అలకు సగటు తీస్తే ఆ రొద దాదాపు పోతుంది. కొన్న పెట్టె ఇదంతా లోపలే చేసేస్తుంది, విద్యార్థికి తెలియకుండా.

సొంత వ్యవస్థకు ప్రోగ్రాం రాసిన విద్యార్థి పాసై వెళ్లిపోతే అది ఎవరికీ అర్థం కాదన్న అభ్యంతరం నిజమైనదే. అయితే పాత విండోస్‌కు కట్టుబడిన కంపెనీ సాఫ్ట్‌వేర్‌దీ అదే గతి: కంప్యూటర్ పోతే బాగున్న పరికరమూ మూలన పడుతుంది. సొంత వ్యవస్థకు సర్క్యూట్ బొమ్మ, ప్రోగ్రాం, సరిచూసిన పట్టిక ప్రయోగశాలలోనే ఉంటాయి. వాటిని అప్పగించనిదే ప్రాజెక్టుకు మార్కులు వేయకూడదు. ఇక్కడి ఎంజీఎం ఆసుపత్రిలో రోగి పక్కనుండే మానిటర్‌కు ఈ వాదన వర్తించదు, అక్కడ ధ్రువీకరించిన యంత్రమే కావాలి. ఇంత పని మనవల్ల అవుతుందా అనేవారికి హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది: తెలుగువాడైన ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో మొదలై, 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. ఇక కచ్చితత్వం సంగతి పరీక్షించడం తేలికే. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీరు ఇక్కడ 99 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. తెర మీద నిక్కచ్చిగా 100 వస్తే, పెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా దాన్ని మళ్లీ సరిచూడాల్సిందే.