వార్తల్లో పదం: లోహ ఆక్సైడ్ నానోకణాలు

బాగా దెబ్బతిన్న కణం మామూలుగా తనంతట తాను చచ్చిపోతుంది. దీనికి ‘అపోప్టోసిస్’ అని 1972లో కెర్, విల్లీ, కర్రీ పేరు పెట్టారు. క్యాన్సర్ కణాల్లో ఈ ఏర్పాటు మొరాయిస్తుంది. దాన్ని మళ్లీ కదిలించడానికే జింక్ ఆక్సైడ్ వంటి లోహ ఆక్సైడ్ నానోకణాలపై ప్రయోగాలు.

ఈ నానోకణాల సైజు సుమారు 1–100 నానోమీటర్లు. క్యాన్సర్ కణంలోకి చేరాక అక్కడి ఆమ్లగుణానికి జింక్ ఆక్సైడ్ కరిగి జింక్ అయాన్లు వెలువడతాయి. చురుకైన ఆక్సిజన్ అణువులు పెరిగి మైటోకాండ్రియా దెబ్బతింటాయి. వాటిలోంచి సైటోక్రోమ్-సి బయటికొస్తుంది. దాంతో కాస్పేజ్ ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుంచే తెగ్గోస్తాయి.

గాజుపాత్రలో కణాలు చావడం వేరు, రోగి బతకడం వేరు. మంచి కణాలనూ ఈ నానోకణాలు వదలకపోవచ్చు. రేడియేషన్ ప్రభావాన్ని పెంచే హాఫ్నియం ఆక్సైడ్ నానోకణాలకు మాత్రం 2019లో ఐరోపాలో సార్కోమా అనే క్యాన్సర్ చికిత్సకు అనుమతి దక్కింది.

నానోకణాల సంగతి అలా ఉంచితే, క్యాన్సర్ మందుల చరిత్రలో గోదావరి సీమకు పెద్ద వాటానే ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ మందుల కంపెనీలో అమినాప్టెరిన్ తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది కొన్నాళ్లపాటు తేరుకున్నారని 1948లో ప్రకటించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

మళ్లీ జింక్ ఆక్సైడ్‌కు వస్తే, ఆయుర్వేదంలో వాడే యశద భస్మంలోనూ ఉండేది ప్రధానంగా జింక్ ఆక్సైడే. అలాగని కీమో మానేసి దాన్ని మింగకండి; ఏ మందైనా క్యాన్సర్ డాక్టర్‌ను అడిగాకే.