ప్రచారం లేని పనిమంతులు

నగ స్వచ్ఛత నుంచి నాన్న మరిచిపోయిన డిపాజిట్ దాకా ఫోన్లోనే ఆరా తీయొచ్చు. ఆ దారి చూపే యాప్‌ల పేర్లే మన దాకా రావడం లేదు.

క్రికెట్ మ్యాచ్‌లో ఓవరుకీ ఓవరుకీ మధ్య యాప్‌ల హడావుడే ఎక్కువ. ఒకటి అప్పిస్తానంటుంది, ఒకటి షేర్లు కొనిపిస్తానంటుంది, ఇంకొకటి పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట గుమ్మంలో పెడతానంటుంది. మనం ఎంతసేపు లోపలుంటే వాటికి అంత ఆదాయం. ఇంకో రకం కూడా ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లే అక్కరకొస్తుంది. పని ముగించి మనల్ని వదిలేస్తుంది. వీటిలో చాలావరకు ప్రభుత్వ సంస్థలు తయారుచేసినవే. అమ్ముకునేదేమీ లేదు కాబట్టి హోరెత్తే ప్రకటనలూ ఉండవు. తెలిసినవాళ్లను బతిమాలడం, దళారీ చేతిలో డబ్బు పెట్టడం, సెలవు పెట్టి క్యూలో నిలబడటం... ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పించడమే వీటి గొప్ప.

నగ మీద ఆరు అక్షరాలు

ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ముందు బంగారం లెక్కే. ‘మన ఊరి షావుకారే కదా’ అన్న నమ్మకంతోనే తరాలుగా కొంటున్నాం. ఆ నమ్మకాన్ని దుకాణంలో నిలబడే సరిచూసుకోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలను హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల కోడ్ అది. ఏ నగ కోడ్ దానిదే.

నగ మీద మూడు గుర్తులు చూడాలి. బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత తెలిపే 22కె916 వంటి అంకె, ఆ కోడ్. కంటికి ఆనకపోతే భూతద్దం అడగండి. భారత ప్రమాణాల సంస్థ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ కోడ్ కొడితే అది ఏ రకం నగో, స్వచ్ఛత ఎంతో, ముద్ర ఏ కేంద్రంలో పడిందో తెలుస్తుంది. యాప్ గాజు అంటుంటే చేతిలో ఉన్నది గొలుసైతే బేరం అక్కడే ఆపేయాలి. బిల్లు కట్టాక చూస్తే గొడవే మిగులుతుంది. తర్వాతి పరీక్షలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, దాంతోపాటు పరీక్ష ఖర్చు రాబట్టుకునే హక్కును 2018 నాటి బీఐఎస్ నిబంధనలు ఇచ్చాయి. అయితే యాప్ చెప్పేది స్వచ్ఛత వరకే. తరుగు, మజూరీ దగ్గర బేరం మనం ఆడుకోవాల్సిందే.

బీరువా అడుగున పాస్‌బుక్

బదిలీల ఉద్యోగం చేసిన పెద్దలకు ఊరికొక బ్యాంకు ఖాతా ఉండటం మామూలే. ఇల్లు మారినప్పుడు పాస్‌బుక్ పోతుంది. మనిషి పోయాక ఆ ఖాతా ఊసెత్తేవారే ఉండరు. పదేళ్లపాటు ఎవరూ కదపని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి పంపేస్తాయి. అలాగని ఆ డబ్బు మీద హక్కు పోదు. ఖాతాదారుడో వారసులో ఎప్పుడైనా అడగొచ్చు.

ఏ బ్యాంకులో వెతకాలన్నదే చిక్కు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన ‘ఉద్గమ్’ పోర్టల్ ఆ చిక్కు విప్పుతుంది. మొబైల్ నంబరుతో నమోదై, ఖాతాదారుడి పేరుతో పాటు పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీ వంటి వాటిలో ఒకటి ఇస్తే, 30 బ్యాంకుల్లో ఒకేసారి గాలించవచ్చు. మనవాళ్ల పేర్లతో ఇక్కడో తిరకాసు ఉంది. ఒక బ్యాంకులో ఇంటిపేరు ముందుంటుంది, మరోదాంట్లో వెనక, ఇంకోచోట పొడి అక్షరమే ఉంటుంది. ‘లక్ష్మి’కి ఇంగ్లిషు స్పెల్లింగులు ఎన్నో! ఒక్కసారికే లేదని వదిలేయకుండా పేరును తిప్పి తిప్పి వెతకండి. ఉందని చూపడం వరకే పోర్టల్ పని. మరణ ధ్రువపత్రం, గుర్తింపు కాగితాలు పట్టుకుని ఆ బ్యాంకుకు వెళ్లక తప్పదు. ‘ఇంత కమీషన్ ఇస్తే తెప్పిస్తాం’ అనేవాళ్లను మాత్రం గుమ్మం ఎక్కనివ్వొద్దు.

పోయిన ఫోన్‌కు తాళం

జాతరలోనో బస్సులోనో ఫోన్ పోతే ఒకప్పుడు ఆశ వదులుకోవడమే. 2023 మేలో కేంద్ర టెలికాం శాఖ తెచ్చిన ‘సంచార్ సాథీ’తో దొంగకు ఆ ఫోన్ పనికిరాకుండా చేయొచ్చు. పోలీసు ఫిర్యాదు ప్రతి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఇస్తే దేశంలోని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా దాన్ని ఆపేస్తారు. ఎవరైనా అందులో వేరే సిమ్ వేస్తే ఆ ఆచూకీ పోలీసులకు చేరుతుంది. ఫోన్ దొరికాక మళ్లీ తెరిపించుకోవచ్చు.

ఐఎంఈఐ కావాల్సి వచ్చేసరికి ఫోన్ చేతిలో ఉండదు, డబ్బా ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయి ఉంటుంది. అందుకే ఇప్పుడే *#06# నొక్కి, కనిపించిన అంకెలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పనిలో పనిగా, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా సంచార్ సాథీలోనే చూడండి. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

క్యూ తప్పించేవి, ప్రాణం కాపాడేవి

నవంబరు వచ్చిందంటే పెన్షనర్లు బతికే ఉన్నామని రుజువు చూపాలి. వేలిముద్రలు అరిగిపోయి, యంత్రం గుర్తుపట్టక తిరిగొచ్చిన పెద్దలు ఎందరో. ఆ రుజువు ఇచ్చే ‘జీవన్ ప్రమాణ్’లో 2021లో ముఖ గుర్తింపు వచ్చింది. ఆ యాప్‌తో పాటు ‘ఆధార్ ఫేస్ ఆర్‌డీ’ కూడా వేసుకుంటే కేంద్ర ప్రభుత్వ, ఈపీఎఫ్ పెన్షనర్లు ఇంట్లో కూర్చునే పని ముగించవచ్చు. పెన్షనరుకు సొంత స్మార్ట్‌ఫోన్ లేకపోయినా మనవడి ఫోన్ చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’కు వేరే యాప్ కూడా అక్కర్లేదు. 95523 00009 నంబరుకు వాట్సాప్‌లో ‘హాయ్’ అని పెడితే ధ్రువపత్రాలు, బిల్లులు, హాల్‌టికెట్ల వంటి సేవల పట్టిక తెరుచుకుంటుంది. 2025 జులైలో వచ్చిన ‘రైల్‌వన్’లో రిజర్వేషనుతో పాటు జనరల్ టికెట్ కూడా తీసుకోవచ్చు. పండగ రోజుల్లో స్టేషన్ కౌంటర్ చూసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

పొలం పనులకు వెళ్లేవారి ఫోన్లో తప్పక ఉండాల్సింది ‘దామిని’. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించింది. 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. తొలకరిలో నాట్లు, విత్తనాల వేళే మన దగ్గర పిడుగుపాటు చావులు వింటుంటాం. హెచ్చరిక మోగిన వెంటనే చేను వదిలి పక్కా కప్పు కిందికి చేరాలి తప్ప, చెట్టు కిందికి పోకూడదు.

శుభలేఖ రూపంలో దొంగ

ఇన్ని పనులు చేసే ఫోన్‌తోనే ఖాతా ఖాళీ చేసేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్లు వాడే ఎర ఏపీకే ఫైలు. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ డబ్బు అనో, చివరికి పెళ్లి పిలుపు అనో వాట్సాప్‌లో వస్తుంది. అసలు శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్, తెరిస్తే ఫోన్లో తిష్ఠ వేస్తుంది. పంపింది సొంత మేనమామ నంబరే అయినా సరే, ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. ఏ యాప్ అయినా ప్లేస్టోర్, యాప్‌స్టోర్‌లలోనే తీసుకోవాలి. అక్కడ కూడా తయారుచేసిన సంస్థ పేరు చూడాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కావాలి, అందుకోవడానికి ఎప్పుడూ అవసరం లేదు. మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ.

‘ఫోన్ ఇలా ఇవ్వు’

చాలా ఇళ్లలో ఈ పనులన్నీ ఒక్కరి మీదే నడుస్తాయి. అమ్మ ఏదో అడగ్గానే కొడుకు ‘ఫోన్ ఇలా ఇవ్వు’ అని లాక్కుని, చకచకా నొక్కి ఇచ్చేస్తాడు. ఆ పని అయిపోతుంది, అమ్మకు మాత్రం ఏమీ తెలియదు. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్నప్పుడు అదే అవసరం మళ్లీ వస్తే ఆమె వీధి చివరి నెట్ సెంటర్‌కు వెళ్లి, ఓటీపీతో సహా అన్నీ చెప్పేస్తుంది. దళారీని తప్పించే యాప్‌కే అలా ఓ దళారీ తయారవుతున్నాడు. ఈసారి ఫోన్ ఆమె చేతిలోనే ఉండనివ్వండి. పక్కన కూర్చుని చెప్పండి, వేలు ఆమెదే కదలాలి. మీరు నొక్కితే రెండు నిమిషాల్లో అయ్యే పనికి అరగంట పట్టవచ్చు. వచ్చే ఏడాది అదే పనికి మీకు ఫోన్ మాత్రం రాదు.