రేకుల కింద చల్లగా కూర్చోవాలంటే...
మాది తిరువూరు. ఇక్కడ మే ఎండలు ఎలా ఉంటాయో తెలుసుగా. ఇంట్లో ఉక్కపోతని మా నాయనమ్మ పగలంతా వసారాలోనే ఉంటుంది. వానకి తడవకూడదని పైన వాలుగా రేకులేశాం. మధ్యాహ్నానికి అవి కాలి, ఆ సెగంతా కిందకి దిగేది. ఒకరోజు ఆవిడ కళ్లు తిరిగి పడిపోయింది.

అప్పుడు రేకుల మీద తాటాకు కప్పించాను. ఆకుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి తొందరగా దిగదు. ఈదురుగాలికి ఎగరకుండా వెదురుబద్దలతో బిగించాం. పడమర వైపు వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లుతున్నాం. ఒక్క జాగ్రత్త: తాటాకు అంటుకుంటే ఆగదు, పొయ్యి దూరంగా పెట్టండి.

ఇప్పుడు నాయనమ్మ అక్కడే నులక మంచం మీద కునుకు తీస్తోంది. మీ ఇంట్లోనూ రేకులుంటే, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వాటి కింద మీరే కూర్చుని చూడండి.