మద్దెల ఆటగాడి వెనకే ఉండాలె

చలికాలం పడిందంటే ఆహ్వాన పత్రాలు మొదలవుతాయి. డిసెంబరు 2 తెలుగు విశ్వవిద్యాలయం పుట్టినరోజు, 1985లో పెట్టారు దాన్ని. ఏటా ఆ రోజు నుంచి శివరాత్రి, ఉగాది దాటేదాకా హైదరాబాదులోనో, హన్మకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం ఆడిటోరియంలోనో పేరిణి అనో, ఒగ్గుకథ అనో, చిందు యక్షగానం అనో ఏదో ఒక కార్డు ఫోన్లోకి వస్తూనే ఉంటుంది. కేసముద్రం మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం గుమాస్తాను నేను. మిర్చి బస్తాల కాంటా రాసుకునేవాడికి ఈ ప్రోగ్రాములతో పనేందని దుకాణంలో నవ్వుతారు. పనుంది. కుర్రతనంలో మా ఊరి భాగోతం మేళంలో వంత పాడినవాణ్ణి.

ఆ రోజుల్లో ఊళ్లో రైతులు, కూలీలు ఓ పది పదిహేను మంది కలిసి, ఒక పంతులును పిలిపించుకుని, పంటలు ఇంటికొచ్చినంక రాత్రిళ్లు ఆట నేర్చుకునేవాళ్లం. చెర్విరాల భాగయ్య రాసిన యక్షగానాల పుస్తకాలు బజారులో దొరికేవి. చదువు రానివాళ్లు విని పట్టేవాళ్లు. మాది సరదా. చిందువాళ్లది అట్లా కాదు, ఆట వాళ్లకు వృత్తి. ఏ ఊళ్లో ఏ మేళం ఆడాలన్నది తరతరాల హక్కు, మిరాశి అంటారు. ఆ హక్కు ఎంత కూడు పెట్టిందో, కులం పేరుతో ఎంత చిన్నచూపు తెచ్చిందో పక్కపక్కనే చెప్పుకోవాలి. మన పక్క జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చిందంటే మా మేళంలో మిగిలిన ముసలోళ్లంతా ఆ పూట ఫోన్లు చేసుకున్నారు.

మా తమ్ముడి బిడ్డ వరంగల్‌లో డిగ్రీ చదువుతుంది. ఒక కార్యక్రమం గురించి చదివి, "ఒపేరా అంటే ఏంది పెదనాయనా?" అని అడిగింది. మన భాగోతమేనన్నాను. నవ్వింది గాని నేను హాస్యానికి అనలేదు. ఒపేరాలో రాజైనా, దూతైనా, చచ్చేవాడైనా మాట్లాడవలసింది పాడి చెబుతాడు. ఇటలీలో 16వ శతాబ్దం చివర్లో ఫ్లోరెన్సు నగరంలో పుట్టింది. 1607లో మాంటువాలో మాంటెవెర్డీ ఆడించిన 'ఓర్ఫెయో' ఇప్పటికీ ఆడుతున్నారు. ఆ 16వ శతాబ్దంలోనే మన కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' అనే యక్షగానం రాశాడు. వాళ్లకు 1637 నాటికే వెనిస్‌లో టికెట్టు కొని చూసే ఒపేరా హాలు వచ్చింది. మనది వీధిలోనే ఉండిపోయింది. అటు ఆటగాడూ, ఇటు చూసేవాడూ ఒకే నేల మీద.

ఇక ఆట ఎట్లా నడుస్తుందో చెప్తాను. ఇద్దరు మనుషులు చీరనో దుప్పటినో తెరగా పట్టుకుంటారు. దాని వెనకనుంచి గజ్జెల చప్పుడు, ముందు పాదాలు మాత్రం కనబడతాయి. తెర తీయగానే పాత్ర తానెవరో తానే పాడి చెప్పుకుంటుంది. అది ప్రవేశ దరువు. సూత్రధారి అడుగుతుంటాడు, వేషగాడు చెబుతుంటాడు. కథ దరువులతో, ద్విపదలతో, నడుమ వచనంతో సాగుతుంది. జనం కునికిపాట్లు పడే వేళకు హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్విస్తాడు. భుజకీర్తులు, కిరీటాలు తేలికపాటి చెక్కతో చేస్తారు. తెల్లారేదాకా మోయాలి కదా.

అన్నిటికంటే ముఖ్యమైంది వంత. వేషగాడు ఒక చరణం పాడి వదిలేస్తాడు. వెనక నిలబడ్డ మేము దాన్ని అందుకుని రెండుసార్లో మూడుసార్లో పాడతాం. ఆ సందులో అతను చిందు తొక్కుతాడు, ఊపిరి తీసుకుంటాడు, తరువాతి చరణం గుర్తు చేసుకుంటాడు. మద్దెల వాయించేవాడి కళ్లు అతని మడమల మీదే ఉంటాయి. చూసేవాళ్లకు పాట తిరిగి తిరిగి వస్తున్నట్టనిపిస్తుంది. లోపల జరిగేది అది.

విశ్వవిద్యాలయం వేదిక మీద ఇదే దెబ్బతింటుంది. ఒక గంట ఇస్తారు. గంటలో కథంతా పట్టించాలని వంతను కోసేస్తారు. కోసేసరికి వేషగాడికి ఊపిరి ఆడదు, గొంతు పలచబడుతుంది. పైగా వంతవాళ్లను, మద్దెలను, హార్మోనియంను తీసుకుపోయి వేదికకు ఓ పక్కన మైకుల ముందు కూర్చోబెడతారు. కూచిపూడికి, భరతనాట్యానికి అది చక్కగా కుదురుతుంది. అక్కడ పాడేది పక్కన కూర్చున్న గాయకుడు, ఆడేవాళ్లు ఎక్కువగా పాడరు. భాగోతంలో ఆడేవాడే పాడాలి. రెండింటికీ ఒకే అమరిక పెడితే ఎట్లా?

హాలుకు తెచ్చుడే తప్పంటానా, అనను. ఊళ్లో ఆటకు పిలిచేవాళ్లు తగ్గిపోయినంక పిలిచింది విశ్వవిద్యాలయాలే. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి హాలుకు సరిపోయే నృత్యనాటకాలు చేయించాడు, జనం చూశారు. పేరిణి సంగతి చెప్పనే అక్కరలేదు. జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన 'నృత్తరత్నావళి'ని, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలను పట్టుకుని నటరాజ రామకృష్ణ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు కాలేజీ పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. పేరిణికి మాట తక్కువ, మృదంగం ఎక్కువ. పెద్ద వేదిక దానికి నప్పుతుంది.

భాగోతానికి నేను కోరేది రెండే. గంటలో కథంతా వద్దు, ఒక్క ఘట్టం పెట్టండి, వంతతో సహా నిండుగా ఆడనివ్వండి. వంతవాళ్లను ఆటగాడి వెనక నిలబెట్టండి. మైకులు పైనుంచి వేలాడదీస్తే సరిపోతుంది, కాలికి తగిలే తీగలూ ఉండవు.

చూడబోయేవాళ్లకూ ఒక మాట. కేసముద్రం నుంచి వరంగల్‌కు నెక్కొండ మీదుగా రైలు ఉంది, హన్మకొండ దాకా బస్సులో పోవచ్చు. ఎక్కువసార్లు టికెట్టు ఉండదు. కార్డులో రాసిన వేళకు ఉపన్యాసాలు నడుస్తుంటాయి, ఆట తరువాత మొదలవుతుంది, తొందరపడకండి. మొదటి వరుసలో అతిథులు కూర్చుంటారు గనుక మూడో నాలుగో వరుసలో, మద్దెల ఉన్న వైపు కూర్చోండి. బుడ్డర్‌ఖాన్ ఏదన్నా అడిగితే గట్టిగా జవాబు చెప్పండి. ఆడిటోరియం కదా అని గమ్మున కూర్చుంటే అతను తరువాతి మాట ఎట్లా అంటాడు?