హెల్‌డైవర్స్ 2: కెమెరా భుజం వెనక్కొస్తే ఏం మారుద్ది? మన ఊళ్లో పీఎస్5 కొనొచ్చా?

నడికుడి నుంచి మళ్లీ నేనే. మధ్యలో రైలు హారన్ వినపడితే కంగారు పడొద్దు, మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. గుంటూరు నుంచి సికింద్రాబాద్ పోయే లైన్‌లో మాచర్ల బ్రాంచ్ విడిపోయేది ఇక్కడే. మొదట్లో ఎడిటింగ్‌లో ఆ హారన్‌లు తీసేసేవాడిని, ఇప్పుడు మానేశా.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. పిడుగురాళ్ల వైపు నుంచి ఒక తమ్ముడు, డిగ్రీ సెకండియర్. "అన్నా, ఫోన్‌లో బీజీఎంఐ బాగానే ఆడతా. మిర్చి డబ్బులొచ్చాక నాన్న పీఎస్5 కొనిస్తానన్నాడు. నువ్వు ఆడే హెల్‌డైవర్స్ 2 ఆడాలని ఉంది. మన నెట్‌కీ మన కరెంటుకీ అది పనికొస్తదా? కొనమంటావా?"

కొను, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ మిర్చి డబ్బులు అనేసరికి ఆగిపోయా. ఆ డబ్బుల్లో కోత కూలీలున్నాయి, పురుగుమందుల కొట్టు బాకీ ఉంది, కౌలు ఉంది. కాబట్టి అసలు ఈ గేమ్ ఎట్టా పనిచేస్తదో మొత్తం చెప్తా. చివర్లో నా సమాధానం కూడా చెప్తా. స్కిప్ కొట్టొద్దు.

ముందు గేమ్ ఏందో చూద్దాం

తయారు చేసింది స్వీడన్‌లోని ఆరోహెడ్ గేమ్ స్టూడియోస్. పీఎస్5లోనూ పీసీలోనూ 2024 ఫిబ్రవరి 8న వచ్చింది. కథ భవిష్యత్తులో జరుగుద్ది. మన భూమి పేరు సూపర్ ఎర్త్. నలుగురు సైనికులు అంతరిక్ష నౌకలో నుంచి ఒక గ్రహం మీదకి దూకాలి. అక్కడ పెద్ద పెద్ద పురుగులో, రోబోలో ఉంటాయి. ఇచ్చిన పని పూర్తి చేసి బయటపడాలి. ఎక్కువ మిషన్లకి 40 నిమిషాల టైమ్ ఉంటది. మొదటి 12 వారాల్లోనే కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక మాట. ఈ గేమ్‌ని నడిపే ఇంజిన్ పేరు ఆటోడెస్క్ స్టింగ్‌రే. దాన్ని ఆ కంపెనీ 2018లోనే ఆపేసింది. అంటే అమ్మినవాడే వదిలేసిన టూల్ మీద వీళ్లు ఇంత గేమ్ కట్టారు. పాత కోడ్ ముట్టుకోవాలంటే భయపడే మనలాంటోళ్లు కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు.

కెమెరా ఎక్కడుందనేదే అసలు విషయం

2015లో వచ్చిన మొదటి హెల్‌డైవర్స్‌లో కెమెరా ఆకాశంలో ఉండేది. డాబా మీద నిలబడి వీధిలో పిల్లల ఆట చూసినట్టు. నలుగురు ఆటగాళ్లూ ఒకే స్క్రీన్‌లో, చుట్టూ ఏముందో అందరికీ కనపడేది. రెండో భాగంలో ఆ కెమెరాని తెచ్చి సైనికుడి భుజం వెనక పెట్టారు. శత్రువులు దాదాపు వాళ్లే, నలుగురి జట్టూ అదే. కానీ ఆట మొత్తం మారిపోయింది.

ఎందుకంటే ఇప్పుడు నీ వెనక ఏముందో నీకు తెలీదు. పైనుంచి చూసేటప్పుడు పురుగుల గుంపు దూరంగా ఉండగానే కనపడుద్ది. భుజం వెనక నుంచి చూస్తే, తిరిగి చూసేసరికి అది మీద పడి ఉంటది. ఇక్కడ భయం పుట్టేది శత్రువు బలం నుంచి కాదు, నీకు కనపడని దాన్నుంచి.

బీజీఎంఐ ఆడేవాళ్లకి టీపీపీ, ఎఫ్‌పీపీ తేడా తెలుసు. టీపీపీలో గోడ చాటున నక్కి, తల బయటపెట్టకుండానే అవతలోడిని చూడొచ్చు. కెమెరా నీ కన్ను కాదు, నీ వెనక నిలబడ్డ ఇంకో మనిషి కన్ను కాబట్టి. ఈ భుజం మీద కెమెరాని షూటర్లలో పాపులర్ చేసినవి 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4, 2006లో వచ్చిన గేర్స్ ఆఫ్ వార్. ఆ తర్వాత వచ్చిన థర్డ్ పర్సన్ షూటర్లలో చాలావాటికి అదే దారి.

ఇంకోటి ఏందంటే, కెమెరా ఒకచోట, తుపాకీ ఇంకోచోట ఉంటాయి. హెల్‌డైవర్స్ 2లో బుల్లెట్ తుపాకీ గొట్టం నుంచే బయల్దేరుద్ది. నీ కళ్లకి టార్గెట్ క్లియర్‌గా కనపడుద్ది, కానీ గొట్టం ముందు బండరాయి ఉంటే బుల్లెట్ ఆ రాయికే తగులుద్ది. బరువైన తుపాకీ అయితే నువ్వు తిప్పిన వెంటనే తిరగదు, కాస్త వెనకబడి వస్తది. స్క్రీన్ మీద చిన్న గుండ్రం ఒకటి కదులుతూ ఉంటది చూడండి, తుపాకీ నిజంగా ఎక్కడికి చూస్తుందో చెప్పేది అదే. కొత్తవాళ్లు మధ్యలో ఉన్న గుర్తునే చూసి కొడతారు, తగల్లేదని గేమ్‌ని తిడతారు. నేనూ వారం రోజులు తిట్టా.

సొంతోడినే కాల్చేయొచ్చు

ఫ్రెండ్లీ ఫైర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటది, ఆపే ఆప్షన్ లేదు. నీ బుల్లెట్ నీ ఫ్రెండ్‌కి తగిలితే వాడు పోతాడు. అన్నదమ్ములు కొట్టుకోవడం పల్నాడుకి కొత్తేం కాదులే, కారంపూడి దాకా పోయి అడగండి. కానీ ఇక్కడ అది పొరపాటున జరుగుద్ది.

పైనుంచి బాంబులు, మందుగుండు పిలవాలంటే కోడ్ కొట్టాలి. బాణం బటన్లతో కింద, కింద, పైన, కుడి అంటే సామాన్ల పెట్టె వస్తది. పైన, కింద, కుడి, ఎడమ, పైన అంటే చనిపోయినవాడు తిరిగొస్తాడు. పైన, కుడి, కింద, కింద, కింద అంటే 500 కిలోల బాంబు. పురుగులు మీద పడుతుంటే వేళ్లు తడబడతాయి. తర్వాత చేతిలోకొచ్చిన గుండుని సరైన చోటికి విసరాలి. ఒకసారి నేను విసిరింది పురుగు మీద తగిలి వెనక్కొచ్చి మా నలుగురి మధ్యలో పడింది. మిగిలింది ఏమీ లేదు, నవ్వు తప్ప.

అందుకే ఈ గేమ్‌లో గురి ఎంత ముఖ్యమో మాట కూడా అంతే ముఖ్యం. "వేస్తున్నా, పక్కకి రండి" అని అరవాలి. మైక్ లేకుండా ఆడితే సగం ఆటే.

ఫోన్ చేతికి కంట్రోలర్ అలవాటవుద్దా?

అవుద్ది, కానీ టైమ్ పడుద్ది. ఫోన్‌లో వేలు జరిపినంత దూరం కెమెరా తిరుగుద్ది. స్టిక్ అట్టా కాదు. స్టిక్ ఎంత వంచితే అంత వేగంగా తిరుగుతూనే ఉంటది, వదిలితేనే ఆగుద్ది. దూరానికి అలవాటైన చేతికి వేగం నేర్పాలి. అందుకే మొదట్లో టార్గెట్ దాటి అటూ ఇటూ పోతా ఉంటది. సెన్సిటివిటీ తగ్గించి మొదలెట్టండి. ఫోన్‌లో గైరో వాడేవాళ్లకి మంచి వార్త, పీఎస్5 కంట్రోలర్‌లో కూడా గైరో ఉంది, ఈ గేమ్ దాన్ని తీసుకుంటది. పెద్ద తిప్పుడు స్టిక్‌తో, చిన్న సర్దుబాటు మణికట్టుతో. నీకు ఫోన్‌లో వచ్చింది వృథా పోదు.

టీవీ చేసే మోసం

"కంట్రోలర్ స్లోగా ఉంది బ్రో" అని చాలామంది అంటారు. తొంభై శాతం తప్పు టీవీదే అని నా అనుభవం. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. టీవీ బొమ్మని అందంగా చూపించడానికి లోపల ప్రాసెసింగ్ చేస్తది. సినిమాకి అది బాగుంటది, గేమ్‌కి కాదు. కొన్ని టీవీల్లో ఆ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటుద్ది. అంటే నువ్వు బటన్ నొక్కిన ఆరు ఫ్రేములకి గానీ కనపడదు. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి, రూపాయి ఖర్చు లేదు. గేమ్ లోపల పర్ఫార్మెన్స్ మోడ్ పెట్టండి, అది 60 ఫ్రేముల కోసం. క్వాలిటీ మోడ్‌లో బొమ్మ బాగుంటది, కానీ 30 ఫ్రేములే.

నెట్ సంగతి

ఇది ఆఫ్‌లైన్‌లో ఆడే గేమ్ కాదు. నెట్ లేకపోతే గేమే లేదు. పైగా పీఎస్5లో ఆన్‌లైన్ ఆడటానికి పీఎస్ ప్లస్ సబ్‌స్క్రిప్షన్ విడిగా కట్టాలి. కొనేవాళ్లు లెక్కలో మర్చిపోయేది ఇదే.

స్పీడ్ కన్నా ముఖ్యం పింగ్. మెసేజ్ పోయి రావడానికి పట్టే టైమ్. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి దాదాపు 200 కిలోమీటర్లు పోతది. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌తో ఆడితే దూరం లెక్కలోకే రాదు. డాలస్‌లో ఉన్నవాడు దాదాపు 14,000 కిలోమీటర్ల అవతల ఉన్నాడు. తిన్నగా కేబుల్ వేసినా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు, కేబుల్ తిన్నగా పోదు కాబట్టి నిజంగా ఇంకా చాలా ఎక్కువ. నడికుడి నుంచి మాచర్ల పోవడానికి గుంటూరు చుట్టి వచ్చినట్టు. ఎంత ఖరీదైన ప్లాన్ వేయించినా ఈ లెక్క మారదు.

ఎదుటి మనిషిని కొట్టే గేమ్ అయితే ఈ ఆలస్యం చంపేస్తది. ఇక్కడ నలుగురూ ఒకే పక్క, కొట్టేది కంప్యూటర్ నడిపే పురుగుల్ని. కాబట్టి కాస్త ఎక్కువ పింగ్ ఉన్నా ఆట సాగుద్ది. ఒక్క పని చేయండి, వైఫై కాకుండా రౌటర్ నుంచి కేబుల్ లాగండి.

కరెంటు సంగతి

ఒకసారి మిషన్ 38వ నిమిషంలో ఉంది, విమానం వస్తోంది. కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్ ఆగను కూడా ఆగలేదు. కానీ కన్సోల్ ఆఫ్ అయింది. కారణం ఏందంటే, ఇన్వర్టర్ లైన్ మారేటప్పుడు చిన్న గ్యాప్ ఉంటది. ఫ్యాన్‌కి అది తెలీదు, కన్సోల్‌కి తెలుస్తది. చాలా ఇన్వర్టర్ల వెనకో ముందో యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటది. అది వేస్తే గ్యాప్ తగ్గుద్ది. మాకు ఆ స్విచ్ ఉందని అప్పుడే తెలిసింది.

లెక్క కూడా చూద్దాం. కన్సోల్ ఆడేటప్పుడు దాదాపు 200 వాట్లు, టీవీ ఒక 90, రౌటర్ 10. మొత్తం 300. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను 1,100 అనుకుందాం. అంటే కొత్త బ్యాటరీ మీద మూడున్నర గంటలు. కానీ ఆ బ్యాటరీ ఇంట్లో ఫ్యాన్ల కోసం పెట్టింది. మే నెల రాత్రి నువ్వు పురుగుల్ని చంపుతుంటే అమ్మా నాన్నా చెమటలు కక్కుతూ పడుకోవాలి. అది గుర్తుపెట్టుకో.

ఇక డబ్బు

పీఎస్5 ఇండియాలో 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్క్ మోడల్ ధర 49,990. 2022 నవంబర్‌లో 54,990 చేశారు. పాతబడితే తగ్గుద్దిలే అని ఆగినవాళ్లకి పెరిగింది. దాని మీద గేమ్, సబ్‌స్క్రిప్షన్, హెడ్‌సెట్.

నేనెట్టా కొన్నానో ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇవాళ చెప్తా. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయింది. కంపెనీ పేరెందుకు, పావుగంట మీటింగ్‌లో అయిపోయింది. చివరి సెటిల్‌మెంట్ డబ్బులు చేతికొచ్చాయి. ఇంటికొచ్చిన వారానికి కన్సోల్ కొన్నా. అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. నాన్న ఒక్కటే అడిగాడు, "దీని మీద నెలకి ఎంత వస్తదిరా?" సమాధానం లేక వీడియోలు చేస్తానని చెప్పా. మొదటి ఐదు నెలలు వచ్చింది సున్నా. వీడియోల్లో నవ్వుతూ కనపడ్డానే గానీ, ఆ ఐదు నెలలు అన్నం ముందు కూర్చోవాలంటేనే సిగ్గేసేది.

మరి దండగేనా అంటే, కాదు. బీటెక్‌లో ఒకే రూమ్‌లో ఉన్న నలుగురం ఈ గేమ్ వల్లే ప్రతి ఆదివారం పొద్దున కలుస్తున్నాం. డాలస్‌లో వాడికి అది శనివారం రాత్రి. మామూలుగా ఫోన్ చేస్తే "బాగున్నావా, బాగున్నా" అని రెండు నిమిషాల్లో పెట్టేసేవాళ్లం. ఒక ఆదివారం పురుగుల మధ్య పరిగెత్తుతూ వాడు మామూలు గొంతుతో అన్నాడు, "ఉద్యోగం పోయిందిరా, వీసాకి 60 రోజులే ఉంది." ఆట ఆపలేదు. ఎవరూ ముఖం చూసుకోనక్కర్లేదు కాబట్టే చెప్పగలిగాడేమో. ఆ రోజు మిషన్ ఓడిపోయాం, రెండు గంటలు మాట్లాడుకున్నాం. నాకు పోయింది కాబట్టి ఏం చెప్పకూడదో నాకు తెలుసు. వాడికి 51వ రోజున వేరే ఉద్యోగం వచ్చింది.

తమ్ముడూ, ఇప్పుడు నీకు సమాధానం

నెట్‌కి పనికొస్తది. కరెంటుకి, యూపీఎస్ మోడ్ ఉంటే పనికొస్తది. కానీ ఇప్పుడు కొనొద్దు.

నాన్న కొనిస్తానన్నాడంటే నువ్వంటే ఇష్టం కాబట్టి అన్నాడు. డబ్బు మిగులుద్దని లెక్కేసి అన్నాడో లేదో అడుగు. కాయ అమ్మి, కూలీలకిచ్చి, బాకీలు తీర్చాక కూర్చుని ఇద్దరూ కాగితం మీద రాయండి. అప్పు లేకుండా మిగిలితే వచ్చే ఏడాది మాట్లాడదాం. ఈఎంఐ మాత్రం వద్దు, పంట మీద ఆధారపడ్డ ఇంట్లో ప్రతి నెలా తేదీకి కట్టే ఖర్చు పెట్టుకోకూడదు. రెండోది, నీతో ఆడటానికి ముగ్గురు ఉన్నారో లేదో చూసుకో. వాళ్లకి పీసీ ఉన్నా పర్లేదు, పీసీ వాళ్లూ పీఎస్5 వాళ్లూ కలిసే ఆడొచ్చు. ఎవరూ లేకపోతే ఈ గేమ్‌లో సగం ఆనందం లేదు.

అప్పటిదాకా ఆడాలనిపిస్తే ఒక ఆదివారం పొద్దున నడికుడి రా. పిడుగురాళ్ల నుంచి ఎంత దూరం గనక! నా కంట్రోలర్ నీకిస్తా, కోడ్‌లు నేను చెప్తా. 500 కిలోల బాంబు మాత్రం నువ్వు వేయొద్దు.

మీ ఇంట్లో ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందో లేదో ఇప్పుడే పోయి చూసి కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో సెకండ్‌హ్యాండ్ కన్సోల్ కొనేటప్పుడు ఏం చూడాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.